కూలింగ్ వాటర్ వేళలు

మా ఆయనకి రాహువంటే నమ్మకం లేదు. ఈ మాట నేను అంటున్నది కాదు, ఆయనే ముప్పై ఏళ్లుగా మైకు పట్టుకుని చెబుతున్నారు. హైడెల్‌బర్గ్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్లం ప్రతి ఉగాదికీ ఒక హాల్లో చేరతాం. సంఘం అధ్యక్షుడు భాస్కర్ రావు గారు పంచాంగం చదివి, ఇంకా కళ్లజోడు తీయకముందే ఈయన లేస్తారు. "రాహువు అనే గ్రహం ఆకాశంలో లేదండీ, మన బుర్రల్లో ఉంది" అని మొదలుపెట్టి అరగంట వాయిస్తారు. ఈలోగా పులిహోర చల్లారిపోతుంది. ఆడవాళ్లందరూ నావైపు జాలిగా చూస్తారు.

ఆయన పేరు మధుసూదన్. కెమిస్ట్రీ ప్రొఫెసరు. ఏం చేస్తారయ్యా అంటే, కరెంటు పారని వాటిలో కరెంటు పారించడానికి చూస్తారు. రాగితీగలో ఎవడైనా పారిస్తాడు, అందులో గొప్పేముంది? ప్లాస్టిక్కులకి చుట్టాలైన కర్బన పదార్థాలు కొన్ని ఉన్నాయట, వాటిలో పారించాలి. నల్లటి పొడి ఒకటి గాజు గంటలో పెట్టి, లోపలి గాలంతా లాగేసి వేడిచేస్తారు. అది ఆవిరై, పైనున్న గాజుపలక మీద పొరలా పడుతుంది. మన దోసె కంటే లక్ష రెట్లు పలచన. ఆ పొరని చల్లబరుస్తూ పోతే, ఒకానొక చలి దగ్గర అందులో కరెంటు ఉన్నట్టుండి ఎగిసిపడుతుంది. కాగితం మీద గీస్తే కొండలా కనిపిస్తుంది. ఆ శాస్త్రం తెలిసినవాళ్లు దాన్ని 'మధు పీక్' అంటారు. ఇస్త్రీపెట్టె ప్లగ్గు సరిగ్గా పెట్టడం చేతకాని మనిషి పేరు మీద కరెంటు లోకంలో ఒక కొండ ఉంది, అది ఆయన అదృష్టం.

నా సంగతి కూడా చెప్పాలి కదా. నేను కనకలత. మాది తణుకు. ఇక్కడి కిటాలో, అంటే పసిపిల్లల బడిలో, ఇరవై రెండేళ్లు పనిచేశాను. నా జర్మన్ అంతా మూడేళ్ల పిల్లల దగ్గర నేర్చుకున్నదే. మా వంటింట్లో తణుకు నుంచి తెచ్చుకున్న క్యాలెండరు వేలాడుతుంది. దుర్ముహూర్తాలు, వర్జ్యాలు, రాహుకాలాలు అన్నీ అందులో ఉంటాయి. దాన్ని చూసి నేను ఒక్క పని ఆపినా ఈయన ఒక వారం నవ్వుతారు.

మా అమ్మాయి తార పెళ్లి రిజిస్ట్రేషన్ సంగతే తీసుకోండి. జూన్ నెల, శుక్రవారం. స్టాండెసాంట్, అంటే పెళ్లిళ్లు రాసే ఆఫీసువాళ్లు, పదిన్నరకో, పన్నెండున్నరకో టెర్మిన్, అంటే రమ్మనే టైము, ఇస్తామన్నారు. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలమని పాలు తాగే పిల్లని అడిగినా చెబుతుంది. "ఏమండీ, మీకు దణ్ణం పెడతాను, పన్నెండున్నర టెర్మిన్ తీసుకోండి" అని బతిమాలాను. "స్టాండెసాంట్‌లో రాహువుకి టెర్మిన్ ఇవ్వరు కనకం" అని నవ్వి, పట్టుబట్టి మరీ పదిన్నరే తీసుకున్నారు. నేను ఫొటోల్లో ఏడుపుమొహంతోనే ఉన్నాను. ఆనందబాష్పాలని అల్లుడి తరపువాళ్లు అనుకున్నారు.

ఇంత చేసినా ఈ మనిషిని క్షమించడానికి నాకొక కారణం ఉండేది. బుధవారం. వారంలో మిగతా రోజులన్నీ ఆయన మధ్యాహ్నం భోజనం అక్కడే ఏ రొట్టెముక్కతోనో కానిచ్చేవారు. బుధవారం మాత్రం సరిగ్గా పన్నెండింటికి బెల్లు కొట్టేవారు. చలైనా, వానైనా, సైకిలు పంక్చరైనా సరే. నాకు కిటాలో బుధవారం సెలవు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్లం. ఒంటిగంటకి వెళ్లిపోయేవారు. పెద్దగా కబుర్లేమీ ఉండేవి కావు. "పప్పులో ఉప్పు తగ్గింది" అనేవారు, అంతే. అయినా, ప్రయోగాలు వదిలి నా కోసం వస్తున్నారు కదా అని లోపల ఎంతో మురిసిపోయేదాన్ని. సిగ్గు విడిచి చెబుతున్నాను, ముప్పై ఏళ్లు ఆ ఒక్క గంట మీద కాపురం చేశాను.

ఈ జూలై నెలాఖరుకి ఆయన రిటైరవుతున్నారు. వీడ్కోలు ఉపన్యాసం ఏర్పాటైంది. ఎక్కడెక్కడో ప్రొఫెసర్లయిన ఆయన శిష్యులంతా వస్తామన్నారు. నేను పట్టుచీర తీసి గాలికి ఆరేశాను. అప్పుడు దిగింది ఫ్రీడెరికే.

ఈ పిల్ల వాళ్ల సంస్థలో పాత లెక్కలన్నీ కంప్యూటర్లో భద్రం చేసే డాక్టరమ్మ, మందుల డాక్టరు కాదు, చదువుల డాక్టరు. ఈయన ముప్పై ఒక్క ఏళ్ల ప్రయోగాల పుస్తకాలన్నీ ఎక్కించింది. ఏ పొరని ఏ రోజు, ఏ గంటకి, ఏ నిమిషానికి మొదలుపెట్టారో అన్నిటికీ ఒక్కో నల్లచుక్క పెట్టి బొమ్మ గీసింది. వేల చుక్కలు. వాటి మధ్యలో తెల్లటి చారలు. వారంలో ఒక్కో రోజుకి ఒక్కో చోట. ఆ సమయంలో ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కటంటే ఒక్క ప్రయోగం కూడా మొదలవలేదు. పైగా ఆ చారలు కుదురుగా ఉండవు, ఎండాకాలంలో లావెక్కుతాయి, చలికాలంలో చిక్కిపోతాయి.

"ఈ సమయాల్లో ఎందుకు చేయలేదు?" అని ఆ పిల్ల అడిగిందట. "కూలింగ్ వాటర్. అప్పుడు నీళ్ల ప్రెషర్ ఉండదు" అన్నారట ఈయన. ఆ మాట నమ్మక ఆ పిల్ల, బిల్డింగు బాగోగులు చూసే హౌస్‌మైస్టర్ని వెంటబెట్టుకుని నేలమాళిగలోకి దిగి మీటర్లు చూసింది. ప్రెషరు రోజంతా ఒక్కలాగే ఉంది. దాంతో అనుమానం పెనుభూతమైంది. ఈ చారలు సూర్యుణ్ణి బట్టి కదులుతున్నాయి, అంటే ఎండ వల్ల ఏదో తేడా వస్తోంది, ఆ వేళల్లో చేసినవన్నీ చెడిపోతే ఈయన దాచేశారు, అంటే మధు పీక్ ఒట్టిదేనేమో! నలుగురు ప్రొఫెసర్లతో కమిటీ వేశారు. శుక్రవారం పదింటికి వచ్చి సరైన కారణం చెప్పాలి. చెప్పకపోతే ఉపన్యాసం రద్దు. మధు పీక్‌ని నమ్మవద్దని, దాన్ని అచ్చువేసిన శాస్త్ర పత్రికకి ఉత్తరం రాస్తారు.

ఆ కబురు తెచ్చిన రోజు ఈయన కాఫీ తాగలేదు. బొమ్మని డైనింగ్ టేబుల్ మీద పరిచి, తల పట్టుకుని కూర్చున్నారు. "కారణమేంటో చెప్పేయొచ్చు కదండీ" అన్నాను. ఆయన బొమ్మని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నారు. నేను కూరగాయలు తరుగుతూ ఆ బొమ్మని ఓరగా చూశాను. సోమవారం చార పొద్దున్నే ఉంది. శనివారానిది దాని తర్వాత. తర్వాత శుక్రవారం. నడిమధ్యాహ్నం బుధవారం. ఆపైన గురువారం, మంగళవారం. పొద్దుగూకేముందు ఆదివారం.

నా చేతిలో కత్తి ఆగిపోయింది. ఆ వరస నాకు ఎక్కాల కంటే బాగా వచ్చు. వెళ్లి గోడ మీది క్యాలెండరు ఊడబెరికి తెచ్చి, బొమ్మ పక్కన ఠప్పున పెట్టాను.

"ఏమండీ. ఇది కూలింగ్ వాటరా?"

ఆయన క్యాలెండరు చూడలేదు. నన్నూ చూడలేదు. బెండకాయల్ని చూశారు.

"అంటే... అది... నమ్మకం ఉండి కాదు కనకం."

"మరి?"

"ఎందుకైనా మంచిదని."

ఒళ్లు మండిపోయింది! నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్లు అయిపోయాక కథ బయటికి వచ్చింది. వచ్చిన కొత్తలో, ఈ పుస్తకాలు ఇంకా మొదలుకాకముందు, ఒక మంగళవారం ఏదో పనిమీద నేను ల్యాబుకి ఫోను చేశాను. మాటల్లో "ఇప్పుడు మొదలెట్టకండి, రాహుకాలం" అన్నానట. నాకైతే గుర్తు కూడా లేదు. ఈయన పకపకా నవ్వి స్విచ్చి నొక్కారట. గాజు గంట ఢామ్మని పగిలింది. ఆరు నెలలు కూర్చుని తయారుచేసిన పొడి గదంతా చిమ్మింది. మర్నాడు సీసాలో మిగిలిన చిటికెడు పొడితో మళ్లీ నొక్కబోతూ, ఎందుకైనా మంచిదని గంట సేపు ఆగారు. పీక్ వచ్చింది. ఇక అంతే! ఆగడం ఆగలేదు. పైగా ఇందులోనూ శాస్త్రమే. మన క్యాలెండర్లో టైములు మన ఊరివి, ఇక్కడ పనికిరావని హైడెల్‌బర్గ్ సూర్యోదయ సూర్యాస్తమయాలు తీసి, పగటిని ఎనిమిది భాగాలు చేసి, రోజువారీ పట్టిక తయారుచేసుకున్నారు. దాని మీద 'కూలింగ్ వాటర్ వేళలు' అని రాసి ల్యాబు తలుపుకి అంటించారు. శిష్యులు అది వేదమనుకున్నారు. డ్యూసెల్‌డార్ఫ్‌లో ప్రొఫెసరైన ఒక శిష్యుడైతే, అక్కడి ల్యాబులో కూడా ఆ పట్టికే అంటించి నీళ్ల కోసం ఆగుతున్నాడట.

"శుక్రవారం వెళ్లి ఈ ముక్కే చెప్పండి. గండం గడుస్తుంది" అన్నాను.

"చచ్చినా చెప్పను. భాస్కర్ రావుకి తెలిస్తే వచ్చే ఉగాదికి పంచాంగం నాతోనే చదివిస్తాడు. దొంగనన్నా పర్లేదు కనకం, నవ్వుతారు చూడు, అది భరించలేను."

"ముప్పై ఏళ్లు నేను భరించలేదా?"

తార అప్పుడే తను కాపురముంటున్న సిండెల్ఫింగెన్ నుంచి ఫోన్ చేసింది. విషయం విని ఒక నిమిషం దాకా నవ్వు ఆపలేకపోయింది. "అమ్మా, దస్ గిబ్ట్స్ దోఖ్ నిష్ట్! నాన్న, అండ్ రాహు? ఐ కాంట్!" అంది, ఇలా కూడా ఉంటుందా అని జర్మన్‌లో ఆశ్చర్యపోతూ. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే నా వేలు అప్పటికే క్యాలెండర్లో బుధవారం దగ్గర ఆగింది. రాహుకాలం పన్నెండు నుంచి ఒకటిన్నర. పన్నెండు! మా బెల్లు మోగే పన్నెండు! ముప్పై ఏళ్లు నా పప్పు కోసం రాలేదు ఈ మనిషి, నా కోసమూ రాలేదు. రాహువు తరిమితే వచ్చి కాలక్షేపం చేశారు. ఆయన్ని అడగలేదు. అడిగితే అవునంటారేమోనని భయం. ఆ సాయంత్రం బెండకాయలు మాడ్చి పెట్టాను. నోరెత్తకుండా తిన్నారు.

కమిటీ ముందుకి వెంట ఒక మనిషిని తెచ్చుకోవచ్చన్నారు. నేనే వెళ్లాను. కోపం కోపమే, అలాగని ఒంటరిగా ఎలా పంపిస్తాను? అధ్యక్షురాలు ఫ్రావ్ బ్రాంట్ తెల్లజుట్టు మనిషి, మాట మెత్తన. "హెర్ ప్రొఫెసర్, కారణం చెప్పండి చాలు" అని మూడుసార్లు అడిగింది. ఈయన మూడుసార్లూ కూలింగ్ వాటర్ అన్నారు. పెన్ను మూత పెట్టడం, తీయడం, పెట్టడం. ఫ్రావ్ బ్రాంట్ కాగితాలు సర్దుకుంటూ, "అయితే పత్రికకి ఉత్తరం రాయక తప్పదు" అంది.

ముప్పై ఒక్క ఏళ్ల కొండ కూలిపోతోంటే ఆ మూత ఆడుతూనే ఉంది. చూడలేకపోయాను. లేచి నిలబడ్డాను. పిల్లల బడి జర్మన్ తప్ప నాకు మరొకటి రాదు. అందులోనే చెప్పాను.

"మా ఆయన అబద్ధాలకోరు కాదు. మా ఆయన ఆంగ్స్ట్‌హాజె."

అంటే పిరికి కుందేలు. మా కిటాలో జారుడుబల్ల ఎక్కని పిల్లల్ని అలా అంటాం. నలుగురు ప్రొఫెసర్లూ తలెత్తారు. సంచిలోంచి క్యాలెండరు తీసి బల్ల మీద పెట్టాను. ఆకాశంలో ఒక తలకాయ ఉందనీ, దానికి మొండెం లేదనీ, రోజుకి ఒక గంటన్నర దానిదనీ, ఆ వేళ కొత్త పని మొదలెట్టమనీ, మూడేళ్ల పిల్లలకి చెప్పినట్టే చేతులు తిప్పుతూ చెప్పాను. ఈయన కళ్లు మూసుకున్నారు.

ఫ్రావ్ బ్రాంట్ ఆయనవైపు తిరిగి, "మీరు దీన్ని నమ్ముతారా?" అని అడిగింది.

"లేదు," అన్నారు ఈయన ఏడుపుగొంతుతో. ఆ తర్వాత ఒకే ఒక్క జర్మన్ మాట అన్నారు. "జిషర్‌హైట్స్‌హాల్బర్."

ఎందుకైనా మంచిదని.

"ఆఁ!" అన్నారు నలుగురూ ఒక్కసారే. ఎండలో కూడా గొడుగు పట్టుకెళ్లే దేశం ఇది, ఈ మాటకి ఇక్కడ తిరుగులేదు. ఒకాయనైతే తన ఇన్సూరెన్సులన్నీ గుర్తొచ్చినట్టు భారంగా తలూపాడు. ఫలితం చూసి దాచితే మోసం గానీ, ఫలితం రాకముందే గడియారం చూసి ఆగితే అది మోసం కాదు, ఒట్టి వింత అని ఫ్రావ్ బ్రాంట్ తేల్చింది. కాకపోతే రెండు షరతులు. ఖాళీలకి అసలు కారణం ఆయనే స్వయంగా పత్రం మీద రాయాలి. ఇంతవరకూ ఎవరూ చూడలేదు కాబట్టి, రాహుకాలంలో మొదలెట్టినా పీక్ వస్తుందో లేదో ఒక్కసారి చూపించాలి.

ఓ పక్కన కూర్చున్న ఫ్రీడెరికే అప్పటికే నేను చెప్పిన వరసనీ, ఈయన ఎనిమిది భాగాల లెక్కనీ కంప్యూటర్లో పెట్టేసింది. "ఇవాళ మొదలయ్యేది పదకొండున్నరకి. ఇంకా పది నిమిషాలుంది" అంది హుషారుగా. నేను ఊరుకోలేక తార పెళ్లి తేదీ ఇచ్చి చూడమన్నాను. పదకొండూ ఇరవై ఆరు నుంచి ఒకటీ ఇరవై ఏడు. అంటే నేను కాళ్లావేళ్లా పడిన పన్నెండున్నర రాహుకాలం నట్టనడుమ ఉంది. ఈయన పట్టుబట్టిన పదిన్నర శుభ్రంగా ఉంది. ఓరి నాయనో! తిరిగి చూస్తే ఈయన కిటికీలోంచి చెట్లు చూస్తున్నారు.

ల్యాబులో గాజు గంట, నల్లపొడి, స్విచ్చి అన్నీ సిద్ధం. ఈయన చెయ్యి స్విచ్చి దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. మళ్లీ వెళ్లి, మళ్లీ వచ్చింది. "కనకం, ఇది పగిలిందంటే నేను చేసిందంతా పోయినట్టే" అన్నారు మెల్లగా తెలుగులో. నిజం చెప్పొద్దూ, నాకూ భయం వేసింది. రాహువుని నమ్మేదాన్ని నేను కదా! కానీ ఆయన మొహం చూశాక రాహువు మీద కూడా కోపం వచ్చింది. ఆంజనేయస్వామిని తలుచుకుని, కళ్లు మూసుకుని నేనే నొక్కేశాను.

ఏమీ పగల్లేదు. నాలుగింటికి తెర మీద గీత పాకుతూ పాకుతూ వచ్చి, ఆ చలి దగ్గరకి రాగానే ఝామ్మని లేచింది. కొండ! ఎక్కడుండాలో అక్కడే, ఎంత ఎత్తుండాలో అంతే ఎత్తు. ఫ్రీడెరికే చప్పట్లు కొట్టింది. ఈయన కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకున్నారు. "పగటిపూటలే లెక్కేస్తే మొత్తం మూడేళ్ల పది నెలలు అనవసరంగా ఆగారు" అని ఆ పిల్ల లెక్క కట్టి చెప్పింది. ఎవరడిగారు దాన్ని?

ఇక పత్రం. మొదటి వరసలో, సూర్యుడితో కదిలే ఖాళీలకి ఎదురుగా, 'జిషర్‌హైట్స్‌హాల్బర్' అని రాశారు. ఫ్రావ్ బ్రాంట్ సంతకం చేయబోయింది. "ఒక్క నిమిషం, ఇంకోటి మిగిలింది" అంది ఫ్రీడెరికే, బొమ్మ మీద వేలు పెట్టి. "బుధవారం. పన్నెండు నుంచి ఒంటిగంట."

"అదీ రాహువే," అన్నాను నేనే, ఆయన నోటివెంట వినే ఓపిక లేక. "నా క్యాలెండర్లో ఉంది. పన్నెండుకి."

"కాదు," అంది ఆ పిల్ల. "మీ క్యాలెండరు ఇక్కడిది కాదు కదా. వేసవిలో బుధవారం రాహు ఒకటిన్నరకి మొదలవుతుంది. అప్పుడు ఆయన ల్యాబులోనే ఖాళీగా కూర్చున్నారు, చూడండి, ఆ చార వేరే ఉంది. ఇది దానికి ముందు ఇంకో ఖాళీ. ఇది సూర్యుడితో కదలదు. ఎండాకాలం, చలికాలం, ముప్పై ఒక్క ఏళ్లు, పన్నెండు అంటే పన్నెండే. నేను లెక్క తేల్చలేకపోయింది ఇదొక్కటే."

అందరూ ఈయనవైపు చూశారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పెన్ను మూత తీసి, రెండో వరసలో గబగబా ఏదో రాసి, కాగితాన్ని తోసేశారు. ఫ్రీడెరికే వంగి చూసి కనుబొమలు ముడిచింది. జర్మన్ కాదు, ఇంగ్లీషూ కాదు. గుండ్రటి అక్షరాలు.

"ఇదేం పదార్థం?" అని అడిగింది.

నేను చూశాను. తెలుగులో 'కనకలత' అని ఉంది.

"అది పదార్థం కాదు," అన్నారు ఈయన గొంతు సవరించుకుని. "నా భార్య. ఇంట్లో భోజనం."

నేను ఏడ్చాను. ఈసారి నిజంగా ఆనందబాష్పాలే, ఎవరైనా ఫొటో తీస్తే బాగుండేది. పత్రం అలాగే ఆ అక్షరాలతోనే భద్రపరిచారు.

ఉపన్యాసం బ్రహ్మాండంగా జరిగింది. ముందువరసలో కూర్చున్న భాస్కర్ రావు గారికి కథంతా తార చెప్పేసింది. వచ్చే ఉగాదికి పంచాంగం ఎవరు చదువుతారో ఇక నేను చెప్పక్కర్లేదు. ఈయన కూడా ఏం అనడం లేదు, రాగం సాధన చేస్తున్నారు.

ఇప్పుడు రోజంతా ఇంట్లోనే ఉంటున్నారు. అయినా బుధవారం పావుతక్కువ పన్నెండుకి బూట్లు వేసుకుని బయటికి వెళ్తారు. వీధి చివరిదాకా నడిచి, సరిగ్గా పన్నెండింటికి వచ్చి బెల్లు కొడతారు. తాళం చెవి జేబులోనే ఉంటుంది. ఇదేం చోద్యమండీ అని మొన్న అడిగాను.

"ఎందుకైనా మంచిదని" అన్నారు.